అడగడం నేర్పాలి: ఆశా, ఏఎన్‌ఎం, కౌన్సెలర్లకు ఆత్మహత్యా నివారణ శిక్షణ ఎలా ఇవ్వాలి

పదిహేనేళ్ల సర్వీసు ఉన్న ఒక ఏఎన్‌ఎం శిక్షణ తరగతిలో హెచ్చరిక సంకేతాలన్నీ తడుముకోకుండా ఒప్పజెప్పారు. నిద్ర పట్టకపోవడం, నలుగురిలోకి రాకపోవడం, ఇష్టమైన వస్తువులు ఇచ్చేయడం, అప్పగింతలు పెడుతున్నట్టు మాట్లాడటం, ఒక్కటీ వదల్లేదు. ఆ తర్వాత ఎదురుగా కూర్చున్న సహోద్యోగిని అప్పుల్లో మునిగిన రైతుగా ఊహించుకుని, చనిపోవాలన్న ఆలోచన ఉందేమో అడగమన్నాను. ఆమె కాసేపు కొంగు సర్దుకుని, "అలాంటి పిచ్చి పనులేవీ చేయవు కదన్నా?" అన్నారు. "లేదమ్మా" అని జవాబు వచ్చింది. అలా అడిగితే లేదనే అంటారు, ఎందుకంటే అడిగినావిడ వినదలచుకున్నది ఏమిటో ఆ ప్రశ్నలోనే ఉంది. అన్నీ తెలిసిన మనిషికి ఆ ఒక్క మాట నోట రాలేదు. ఈ శిక్షణలో మనం ప్రధానంగా నేర్పవలసింది అదే.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలోనో, నర్సింగ్ కళాశాలలోనో, స్వచ్ఛంద సంస్థలోనో క్షేత్రస్థాయి సిబ్బందికి శిక్షణ ఇవ్వవలసి వచ్చినవారి కోసం దీన్ని రాస్తున్నాను. మీ చేతిలో రెండు రోజుల సమయం, ఇరవై మందికి మించని బృందం, ఇద్దరు శిక్షకులు, నెల తర్వాత మరొక పూట ఉంటాయని అనుకుంటున్నాను. పైఅధికారులు ఒక్క రోజే ఇస్తే స్లైడ్లన్నీ పక్కన పెట్టి, ప్రశ్న అడగడం, భద్రతా ప్రణాళిక రాయడం అనే రెండు భాగాలను మాత్రం ఉంచుకోండి.

తరగతికి ముందు చేయవలసినవి

మొదట బృందాన్ని జాగ్రత్తగా కూర్చండి. ఆశా కార్యకర్తలను, వారిపై అజమాయిషీ చేసే ఏఎన్‌ఎంలను, సూపర్‌వైజర్లను, మెడికల్ ఆఫీసర్‌ను ఒకే గదిలో కూర్చోబెడితే ఆశాలు నోరు విప్పరు. తప్పు మాట్లాడితే రేపు సమావేశంలో అది ప్రస్తావనకు వస్తుందన్న భయం వారికి ఉంటుంది, అది అకారణమైన భయం కాదు. వీలైనంతవరకు సమాన హోదా ఉన్నవారిని ఒక బృందంగా చేయండి, డాక్టర్లకు విడిగా ఒక పూట కేటాయించండి.

రెండవది, గదిలో ఉన్నవారిలో ఆత్మహత్య వల్ల ఇంటి మనిషిని పోగొట్టుకున్నవారు, ఎప్పుడో ఒకప్పుడు తామే ఆ అంచు దాకా వెళ్లి వచ్చినవారు ఒకరైనా ఉంటారని అనుకునే ఏర్పాట్లు చేయండి. విషయం ఏమిటో వారం ముందే తెలియజేయండి. మధ్యలో లేచి వెళ్లవచ్చని, కారణం చెప్పనక్కర్లేదని మొదటి నిమిషంలోనే చెప్పండి. అలా వెళ్లినవారి వెంట ఐదు నిమిషాల్లో రెండవ శిక్షకుడు వెళ్లాలి, ఇద్దరు శిక్షకులు కావాలనడానికి ముఖ్యమైన కారణం ఇదే. పక్కన ఖాళీ గది, మంచినీళ్లు, తలుపు దగ్గర కూర్చునే వీలు చూడండి.

మూడవది రిఫరల్ కాగితం. మనిషిని కదిలించి, లోపలి మాట బయటికి తెప్పించి, ఆ తర్వాత ఎక్కడికి పంపాలో తెలియక బిక్కమొహం వేయడం కన్నా ఆ పనికి పూనుకోకపోవడమే నయం. శిక్షణకు ముందే మీరు స్వయంగా ఫోన్లు చేసి ఈ కాగితం తయారు చేయండి. జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో, ఎన్ని గంటల నుంచి ఉంటుంది, రాత్రివేళ కాజువాలిటీలో ఎవరిని అడగాలి, ఇన్‌పేషెంట్‌గా చేర్చుకోవలసి వస్తే ఎక్కడికి పంపాలి అన్నవి అందులో ఉండాలి. తెలంగాణలో హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల చాలామందికి తెలిసిన పేర్లే గాని, ఆ పేరు వినగానే కుటుంబం బెదిరిపోయే అవకాశమూ ఉంది. అందుకే దగ్గరి ఆసుపత్రిని ముందు రాయండి. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబర్ 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. అంబులెన్సుకు 108, హింసకు గురవుతున్న మహిళలకు 181, పిల్లలకు 1098. తరగతిలో ఒకరి చేత 14416కు స్పీకర్ పెట్టి ఫోన్ చేయించండి. ఒకసారి స్వయంగా విన్న నంబరునే కార్యకర్త రేపు ఇంకొకరికి ధైర్యంగా ఇస్తుంది.

సమయం విషయంలో ఒక మాట. ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజులు, పంట చేతికి వచ్చి అప్పులవాళ్లు గుమ్మంలో నిలబడే రోజులు మీ జిల్లాలో ఎప్పుడో చూసుకుని వాటికి నెలరోజుల ముందే శిక్షణ పూర్తి చేయండి. హాస్టల్ వార్డెన్లు, జూనియర్ లెక్చరర్లు ఉన్న బృందానికైతే ఫలితాలకు ముందు ఇవ్వని శిక్షణ ఆ ఏడాదికి అక్కరకు రాదు.

మొదటి గంట: అంకెలు, చట్టం, మాటలు

అంకెలతో ఎక్కువసేపు గడపవద్దు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యతో మరణించారని, కారణాల్లో కుటుంబ సమస్యలు 31.7 శాతంతోను, అనారోగ్యం 18.4 శాతంతోను మొదటి రెండు స్థానాల్లో ఉన్నాయని, చనిపోయినవారిలో నాలుగోవంతుకు పైగా దినసరి కూలీలని చెబితే చాలు. ఇవి పోలీసు రికార్డుల్లోకి ఎక్కిన కారణాలని, ఒక మరణం వెనుక ఒక్క కారణమే ఉండదని కూడా చెప్పండి. తాగుడు, దీర్ఘరోగం, అప్పు, ఇంట్లో హింస, చికిత్స అందని డిప్రెషన్ ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి.

చట్టానికి మాత్రం పావుగంట కేటాయించండి, ఎందుకంటే ఊళ్లో కుటుంబాలు నిజం దాచడానికి ప్రధాన కారణం పోలీసు భయం. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నారని భావించాలి, అటువంటి వ్యక్తికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో బలవంతపెట్టడానికో అడ్డుకోవడానికో చేసే ఆత్మహత్యాయత్నం మాత్రమే 226వ సెక్షన్ కిందకు వస్తుంది. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ నమోదు) రాయడం వేరు, కేసు పెట్టి శిక్షించడం వేరు అన్న తేడాను కార్యకర్త చేత రెండుసార్లు తన మాటల్లో చెప్పించండి, కుటుంబానికి రేపు ఆమె వివరించవలసింది ఆ తేడానే.

ఇక మాటలు. "ప్రయత్నం విఫలమైంది" అనకుండా "బతికి బయటపడ్డారు" అనడం అలవాటు చేయండి. "బెదిరించడానికే చేసింది", "నాటకం" అన్న మాటలు తరగతిలో తప్పకుండా వినబడతాయి. అన్నవారిని కసురుకోవద్దు. అంతకుముందు ఒకసారి ప్రయత్నించి ఉండటం తర్వాతి ప్రమాదానికి బలమైన సూచనల్లో ఒకటని, నాటకమని తేల్చేసిన మనిషే మళ్లీ అక్కడికి చేరవచ్చని ఓపికగా వివరించండి.

గాయపడిన మనిషితో మసలడం

ట్రామా, అంటే మనసుకు తగిలిన లోతైన గాయం, అన్న మాటకు నిఘంటువు అర్థం చెప్పి వదిలేయవద్దు. చిన్నప్పుడు దెబ్బలు తిన్నవారు, లైంగిక దాడికి గురైనవారు, తాగొచ్చిన భర్త అడుగుల చప్పుడుకు ఏళ్ల తరబడి ఉలిక్కిపడినవారు ఎదుటి మనిషి గొంతు కొంచెం పెరిగినా, తలుపు మూసుకున్నా, ఎవరైనా అడగకుండా చేయి పట్టుకున్నా ఆ పాత ప్రమాదంలోనే ఉన్నట్టు స్పందిస్తారు. కొందరు అరుస్తారు, కొందరు బిగుసుకుపోయి ఒక్క మాటా మాట్లాడరు. సిబ్బంది మొదటివారిని మొండివాళ్లని, రెండవవారిని పొగరుబోతులని అనుకుంటారు. "ఈమెకేమైంది" అని విసుక్కునే చోట "ఈమె ఏం అనుభవించి వచ్చిందో" అని మనసులో అనుకోవడం అలవాటైతే గొంతు దానంతటదే తగ్గుతుంది.

అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్సా 2014లో ఈ తరహా సేవకు ఆరు సూత్రాలు రాసింది: భద్రత, నమ్మకం, తోటివారి అండ, కలిసి పనిచేయడం, మనిషి మాటకు, ఎంపికకు విలువ ఇవ్వడం, సంస్కృతిని, స్త్రీపురుష భేదాలను, చరిత్రను గుర్తించడం. ఈ ఆరింటిని కంఠతా పట్టించే బదులు ఒక ఇంటి అరుగు మీదికి దింపండి. ఎక్కడ కూర్చోవాలి? దారికి అడ్డంగా కాకుండా, ఆమె కావాలనుకుంటే లేచి వెళ్లగలిగేలా కూర్చోవాలి. ఇంకెవరు వింటున్నారు? అత్తగారు వంటింటి గుమ్మంలో ఉంటే ఈ మాట ఎత్తకూడదు, "బరువు చూడాలి, క్లినిక్‌కు రా" అని పిలిచి అక్కడ మాట్లాడాలి. రాసుకోవాలంటే ముందు అడగాలి, రాసింది చూపించాలి. ఒకసారి చెప్పిన కథను ఆశా, ఏఎన్‌ఎం, నర్సు, డాక్టరు వరుసగా నాలుగుసార్లు చెప్పించకుండా, ఆమె అనుమతితో తెలిసినవారే తర్వాతివారికి క్లుప్తంగా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శి కూడా పనిని చూడటం, వినడం, సాయానికి కలపడం అనే మూడింటికి కుదించింది. జరిగినదాన్ని తవ్వి చెప్పించడం అందులో లేదు.

ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ ఇస్తుంటే ఇక్కడ ఆగండి. పురుగుల మందు తాగి వచ్చిన ఒక పందొమ్మిదేళ్ల అమ్మాయికి గొట్టం వేస్తూ, "తాగేటప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా" అని ఒకరు అనడం నేను పక్కన నిలబడి విన్నాను. అన్నది చెడ్డ మనిషి కాదు, ఆ రాత్రి అది మూడో కేసు. కానీ ఆ అమ్మాయి డిశ్చార్జి అయ్యాక మళ్లీ ఓపీకి రాలేదు. ఆ పనినే మరో విధంగా ఎలా చేయవచ్చో పక్కపక్కన చూపించండి: "అమ్మా, నా పేరు ఇది, నేను ఇక్కడ నర్సును. ఇప్పుడు ముక్కులోంచి గొట్టం వేయాలి, వికారంగా ఉంటుంది. నా చేయి పట్టుకో. మధ్యలో ఆపాలంటే చేయి నొక్కు, క్షణం ఆగుతాను." దీనికి పదిహేను సెకన్లు పడుతుంది. సమయం లేదని అభ్యంతరం చెప్పేవారి చేత గడియారం పట్టి కొలిపించండి.

రహస్యం విషయంలో తప్పుడు హామీ ఇవ్వకుండా నేర్పాలి. "ఎవరికీ చెప్పను" అని మాటిచ్చి తర్వాత చెబితే నమ్మకం పూర్తిగా పోతుంది. "నువ్వు చెప్పింది ఊళ్లో ఎవరికీ చెప్పను, నీ ప్రాణానికి ముప్పు అనిపిస్తే మాత్రం డాక్టరుకు చెబుతాను, ఆ మాట ముందు నీకే చెబుతాను" అని మొదటే అనాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక దాడి జరిగినట్టు తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం సమాచారం ఇవ్వడం తప్పనిసరి, ఈ సంగతి కూడా పిల్లలు మాట మొదలుపెట్టే ముందే వారికి అర్థమయ్యేలా చెప్పాలి.

ఆ ప్రశ్న

రెండు రోజుల్లో కనీసం ఒక పూటంతా దీనికే ఇవ్వండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం దాదాపు అందరిలోను ఉంటుంది. పరిశోధనల్లో అలా జరిగినట్టు ఎక్కడా తేలలేదు, అడిగినప్పుడు చాలామందికి బరువు దిగినట్టుంటుంది. అయితే ఈ వాక్యం చెప్పినంత మాత్రాన భయం పోదు, మాట నోట పలికితేనే పోతుంది.

ముందు ప్రతి ఒక్కరూ తమ ఊరి యాసలో ఆ ప్రశ్నను కాగితం మీద రాయాలి. "ఆత్మహత్యా ఆలోచనలు ఉన్నాయా" అని ఏ అరుగు మీదా ఎవరూ అడగరు. కోస్తాలో "ఇంత కష్టంలో ఉన్నావు కదన్నా, చచ్చిపోదామని ఎప్పుడైనా అనిపించిందా?" అంటారు, తెలంగాణలో "ఇంత తిప్పలల్ల ఉన్నవ్ గదా అన్నా, సచ్చిపోదామని ఎప్పుడన్న అనిపించిందా?" అంటారు, రాయలసీమలో "ఇంత బాధలో ఉండావు కదన్నా" అని మొదలుపెడతారు. "చావు" అన్న మాట అపశకునమని కొందరు తప్పిస్తారు. అటువంటివారి చేత "ప్రాణం తీసుకోవాలని" అనిపించండి, కానీ "అట్లాంటిది ఏమైనా" అన్న ముసుగు మాటను మాత్రం ఒప్పుకోవద్దు. ఎవరికి ఏ వరస కలుస్తుందో ఆ వరసతోనే పిలవాలి. అన్నా అని రోజూ పిలిచే మనిషిని ఆ రోజు "మీరు" అంటే విచారణకు వచ్చినట్టుంటుంది.

తర్వాత ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆ వాక్యాన్ని పదేసిసార్లు అనాలి. మొదటి మూడుసార్లు నవ్వుకుంటారు, నవ్వనివ్వండి. ఆరోసారికి గది నిశ్శబ్దమవుతుంది. అప్పుడు రెండో సగం నేర్పండి: అడిగాక మనసులో పది లెక్కపెట్టే వరకు మాట్లాడకూడదు. మనవాళ్లకు ఇది అడగడం కన్నా కష్టం. మూడు లెక్కపెట్టేలోపే "ధైర్యంగా ఉండాలి, పిల్లల మొహం చూడు, దేవుడున్నాడు" అని ఓదార్పు దొర్లుతుంది, దానితో ఎదుటి మనిషి చెప్పబోయిన మాట లోపలికి వెళ్లిపోతుంది.

ఆ తర్వాతే రోల్ ప్లే. ముగ్గురేసి బృందాలు: ఒకరు బాధలో ఉన్న మనిషి, ఒకరు కార్యకర్త, ఒకరు గమనించేవారు. ఏడు నిమిషాలు. ఎవరూ తమ సొంత కథను గాని, తమ ఇంటివారి కథను గాని ఆడకూడదు. ఆత్మహత్య చేసుకుంటున్నట్టు నటించడం పూర్తిగా నిషేధం. ముగిశాక లేచి నిలబడి, "నేను ఫలానా కాదు, నా పేరు ఇది, నేను ఈ ఊరి ఆశాను" అని గట్టిగా చెప్పి మంచినీళ్లు తాగి కూర్చోవాలి. ఇది చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది గాని, వేషం విప్పకుండా ఇంటికి పంపిన ఒక అమ్మాయి ఆ రాత్రంతా నిద్రపోలేదని మర్నాడు చెప్పినప్పటి నుంచి నేను దీన్ని మానలేదు.

నేను ఎక్కువగా వాడే సన్నివేశం ఒకటి ఇది. పత్తి వేసిన కౌలు రైతు, నలభై దాటిన మనిషి. ఆశా బీపీ మాత్రలు ఇవ్వడానికి వెళ్లింది. అతను కార్డును చేతిలో అటూ ఇటూ తిప్పుతూ, "ఈ గోలీలు ఇగ వద్దు చెల్లె, దండుగ" అంటాడు. మొదటిసారి ఆడినప్పుడు పదిమందిలో ఎనిమిది మంది, "గట్లనొద్దన్నా, బీపీ పెరుగుతది" అని మాత్రలు చేతిలో పెడతారు. అక్కడ ఆపి, అతను అన్న మాటను బోర్డు మీద రాయండి. "ఇగ" అన్న మాట కింద గీత గీయండి. రెండోసారి ఆడించండి.

"ఇగ వద్దంటున్నవ్. ఎందుకన్నా?"

"ఎందుకంటే ఏం జెప్పాలె. నేను లేకున్నా నడుస్తది."

"నువ్వు లేకున్నా అంటున్నవ్. సచ్చిపోదామని అనిపిస్తుందా అన్నా?"

ఇక్కడ పది లెక్క. గమనించేవారు వేళ్లు మడుస్తూ ఉంటారు. ఏడో వేలికి అతను తల దించుకుని, "శాన దినాల సంది. ఎవలకు జెప్పలే" అంటాడు.

"నాకు జెప్పినవ్, మంచిగైంది. నేను ఈడనే కూసుంట."

ఇక్కడి నుంచి మిగిలినవి అడగాలి: ఈ రోజు కూడా అనిపిస్తోందా, ఎలా అని ఆలోచించావా, అందుకు కావలసింది ఇంట్లో ఉందా, ఎప్పుడు అనుకున్నావు, ఇదివరకు ఎప్పుడైనా ప్రయత్నించావా, ఇంతవరకు నిన్ను ఆపింది ఏమిటి. చివరి ప్రశ్నను చాలామంది మరచిపోతారు, భద్రతా ప్రణాళికకు పునాది దాని జవాబే.

విన్న తర్వాత

పాయింట్లు కలిపి ప్రమాదాన్ని తేల్చే పట్టికలను క్షేత్ర సిబ్బందికి ఇవ్వవద్దు. తక్కువ మార్కులు వచ్చినవారు క్షేమంగా ఉన్నట్టు ఆ పట్టికలు భ్రమ కలిగిస్తాయి. బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ కూడా 2022లో వాటిని ముందస్తు అంచనాకు వాడవద్దనే చెప్పింది. దాని బదులు చేయవలసిన పనిని బట్టి నేర్పండి. ఆలోచన, పద్ధతి, సాధనం, సమయం నాలుగూ ఉన్న మనిషిని, లేదా తాగి ఉండి ఇదే మాట అంటున్న మనిషిని ఒక్క క్షణం ఒంటరిగా వదలకూడదు. ఇంటివారినో నమ్మకస్తుణ్నో పిలిచి, ఆ పూటే వెంట ఉండి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆలోచన ఉండి పథకం లేనివారికి అక్కడే భద్రతా ప్రణాళిక రాసి, 14416కు కలిపి, ఒకటి రెండు రోజుల్లో ఓపీకి చేర్చాలి. బతకాలని లేదన్న నిస్పృహ మాత్రమే ఉన్నవారిని వారంలోపు మళ్లీ చూడాలి. ఏ గట్టున ఉన్నారో తేలకపోతే ఎక్కువ ప్రమాదంగానే లెక్కించి పైవారికి ఫోన్ చేయాలి.

అప్పటికే ఏదైనా మింగారని తెలిస్తే ప్రశ్నలు ఆపి 108కి ఫోన్ చేయాలి. ఉప్పునీళ్లు, పేడనీళ్లు తాగించి వాంతి చేయించడం ఊళ్లలో ఇప్పటికీ ఉంది. అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి చేయనివ్వకూడదు. డబ్బానో, దాని లేబులో వెంట తీసుకెళ్లాలి. మనిషి తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి వెళ్లి తీరాలి.

భద్రతా ప్రణాళిక

మన దగ్గర ఆనవాయితీగా జరిగేది ఒట్టు. పిల్లల తల మీద చేయి పెట్టించి "ఇంకెప్పుడూ చేయను" అనిపిస్తారు. ఇది మానిపించడం మీ శిక్షణలో కష్టమైన భాగం, ఎందుకంటే చేయించినవారికి మనసు కుదుటపడుతుంది. కానీ ఒట్టు పెట్టిన మనిషికి మళ్లీ ఆలోచన వచ్చినప్పుడు అది చెప్పుకోలేని తప్పుగా మారుతుంది, అంటే సాయం అడిగే దారిని మనమే మూసినట్టవుతుంది. ఒట్టు బదులు, ఆ ఘడియ వచ్చినప్పుడు వరసగా ఏం చేయాలో చెప్పే కాగితం కావాలి.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించిన ప్రణాళికలో ఆరు భాగాలున్నాయి: ఆలోచన ముంచుకొస్తోందని తెలిపే గుర్తులు, ఒంటరిగా ఉన్నప్పుడు తానే చేసుకోగల పనులు, మనసు మళ్లించే మనుషులు, చోట్లు, సాయం అడగదగిన ఆప్తులు, వైద్య సేవల నంబర్లు, ఇంటిని సురక్షితం చేయడం. వాక్యాలు ఆ మనిషివే కావాలి. "ఒత్తిడి పెరిగినప్పుడు" అని కార్యకర్త రాస్తే కొట్టేయించండి. "రాత్రి ఒంటిగంటకు మెలకువ వచ్చి వడ్డీ లెక్క వేసుకుంటున్నప్పుడు" అని ఉంటే అది పనికొస్తుంది. రెండో భాగంలో "ధ్యానం" అని అందరూ రాస్తారు. ఎప్పుడైనా చేశారా అని అడిగితే చేసి ఉండరు. "దొడ్లోకి వెళ్లి గేదెకు నీళ్లు పెడతాను" అన్నది నిజంగా చేసే పని. చదువు రానివారికి ఫోన్‌లో వారి గొంతుతోనే రికార్డు చేసి పెట్టవచ్చు, ఆప్తుల నంబర్లను ఫోటోలతో సేవ్ చేయవచ్చు.

ఆరో భాగం దగ్గర మన జిల్లాల్లో అసలు సంగతి పురుగుల మందు. తాళం పెట్టెలు పంచితే చాలుననే నమ్మకం చాలాచోట్ల ఉంది. శ్రీలంక గ్రామాల్లో ఇంటింటికీ అలాంటి పెట్టెలు ఇచ్చి చేసిన పెద్ద పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి, ఇచ్చిన ఊళ్లకు, ఇవ్వని ఊళ్లకు తేడా కనబడలేదు. అదే దేశంలో అతి విషపూరితమైన మందులను ప్రభుత్వం నిషేధించిన తర్వాత మరణాలు బాగా తగ్గాయి. నిషేధం మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఈ ఒక్క ఇల్లు, ఈ కొన్ని వారాలు: మిగిలిన మందును ఇంట్లోంచి పూర్తిగా తీయించి వేరేవారి దగ్గర ఉంచడం, పిచికారీ రోజుకు కావలసినంతే తెచ్చుకోవడం, నిద్రమాత్రలు, ఇతర మాత్రలు వారానికి సరిపడా మాత్రమే ఇంటివారి చేతికి ఇవ్వడం. పెట్టె పెడితే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. "దేవుడి గూట్లో" అన్న జవాబు వస్తే అది తాళం వేయనట్టే. ఇదంతా ఆ మనిషికి చెప్పి, ఒప్పించి చేయాలి. దాచిపెట్టి చేస్తే నమ్మకం పోతుంది, వెతుకులాట మొదలవుతుంది.

తిరిగి పలకరించడం

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మొదటి రోజులు, వారాలు అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. అదే సమయంలో అందరూ పలకరించడం మానేస్తారు, సిగ్గుతో కొందరు, కోపంతో కొందరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో సహా ఐదు దేశాల్లోని ఐదు చోట్ల, ప్రయత్నం చేసి బతికిన 1,867 మందితో చేసిన అధ్యయనం 2008లో ప్రచురితమైంది. అందులో ఒక బృందానికి మామూలు వైద్యంతో పాటు ఒక గంట మాట్లాడి, ఆ తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్‌లోనో ఇంటికెళ్లో పలకరించారు. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 2.2 శాతం మంది ఆ కాలంలో ఆత్మహత్యతో చనిపోగా, పలకరించిన బృందంలో అది 0.2 శాతం. ఇంత చవకైన పని మన ఆరోగ్య వ్యవస్థలో ఇంకా మామూలు విధి కాకపోవడం నాకు అర్థం కాదు.

ఆ అధ్యయనం పాటించిన వరుస 1, 2, 4, 7, 11 వారాలు, తర్వాత 4, 6, 12, 18 నెలలు. తరగతిలోనే ప్రతి కార్యకర్త ఒక ఊహాజనిత డిశ్చార్జి తేదీ తీసుకుని ఈ తొమ్మిది తేదీలను తన డైరీలో వేసుకోవాలి. గర్భిణీల చెకప్ తేదీలు వేసుకునే అలవాటు ఉన్నవారికి ఇది కొత్త కాదు. ఫోన్‌లో ఏమనాలో కూడా ఆడించండి. "బాగున్నావా" అంటే "బాగున్నా" అనే వస్తుంది. "నిద్ర ఎలా ఉంది, ఆ ఆలోచన ఈ వారం వచ్చిందా, వచ్చినప్పుడు కాగితంలో ఉన్నది ఏం చేశావు, మాత్రలు ఎన్ని మిగిలాయి" అన్నవి అడగాలి. బయటికి వినబడేది గర్భిణికి చేసిన ఫోన్ లాంటిదే కావాలి, కాబట్టి చుట్టూ ఎవరైనా ఉన్నారేమో ముందు తెలుసుకోవాలి.

కార్యకర్త మనసు, నెల తర్వాతి పూట

ఎంత చేసినా కొన్నిసార్లు మరణం జరుగుతుంది. ఆ వారంలోనే, సంజాయిషీ ధోరణి లేకుండా, కార్యకర్తతో కూర్చునే ఒక మనిషిని శిక్షణ రోజునే నిర్ణయించండి. సమీక్షా సమావేశంలో అందరి ముందు "మీ ఏరియాలో ఎలా జరిగింది" అని నిలదీసిన చోట, తర్వాతి ఏడాది కార్యకర్తలు ఎవరినీ ఏమీ అడగరు, అడిగితే బాధ్యత మీద పడుతుందని నేర్చుకుంటారు. చనిపోయిన వ్యక్తి కుటుంబాన్ని పెద్దకర్మ తర్వాత కూడా చూసి రావడం, ఇంట్లో మిగిలిన పిల్లల గురించి బడిలో ఒకరికి చెప్పి ఉంచడం, ఫోటోలు, రాసిన ఉత్తరాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగకుండా ఆపమనడం కూడా ఆమె పనిలో భాగమే.

శిక్షణ ఫలించిందో లేదో రాత పరీక్ష చెప్పదు. మొదటి ఉదయం పాఠం మొదలవకముందే ప్రతి ఒక్కరి చేత మూడు నిమిషాల రోల్ ప్లే చేయించి, చివరి సాయంత్రం అదే సన్నివేశాన్ని మళ్లీ చేయించండి. నేరుగా అడిగారా, పది లెక్కపెట్టారా, ఉపదేశం చేశారా, తర్వాతి అడుగు చెప్పారా అన్న నాలుగింటినే గుర్తు పెట్టుకోండి.

నెల తర్వాత పిలిచినప్పుడు పేరు, ఊరు చెప్పకుండా ఒక్కొక్క కేసు తెమ్మనండి. "నాకెవరూ తగల్లేదు" అన్నవారితో ఎక్కువసేపు మాట్లాడండి. సాధారణంగా వారు అడగబోయి ఆగిపోయిన సందర్భం ఒకటి ఉంటుంది, పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టండి. చివరి పావుగంట రిఫరల్ కాగితానికి. అందరి చేత బయటికి తీయించి, ఒక్కొక్క నంబరుకూ అక్కడి నుంచే ఫోన్ చేయించండి. ఈ నెలలో కనీసం ఒక డాక్టరు బదిలీ అయి ఉంటారు, ఒక ఓపీ రోజు మారి ఉంటుంది. పాతది కొట్టేయించి కొత్తది రాయించి పంపండి.